తలుపు దగ్గర మొదలు కావలసిన లెక్క: వికలాంగుల ఉపాధి కార్యక్రమాల మూల్యాంకనంపై ప్రసంగ పాఠం

సభాధ్యక్షులకు, ఉపాధి కేంద్రాల నిర్వాహకులకు, వికలాంగుల సంఘాల ప్రతినిధులకు, పరిశోధక విద్యార్థులకు నమస్కారం. ఈ ప్రసంగాన్ని నా పక్కన నిలబడి సంజ్ఞా భాషలో అందిస్తున్న అనువాదకురాలికి కృతజ్ఞతలు. నా మాటల వేగం పెరిగితే చెయ్యెత్తి ఆపమని ఆమెను ముందే కోరాను.

నాకు అప్పగించిన అంశం, వికలాంగుల ఉపాధి మద్దతు కార్యక్రమాలు నిజంగా పనిచేస్తున్నాయా లేదా అన్నది ఎలా తేల్చుకోవాలి అని. ఉద్యోగం వెతుక్కోవడంలో సాయం, శిక్షణ, యజమానికి ఇచ్చే వేతన సబ్సిడీ, పనిచోట చేయవలసిన మార్పుల ఖర్చు, ఉద్యోగంలో చేరాక కొన్నాళ్లు పక్కనే ఉండి పని నేర్పే జాబ్ కోచ్, ఇవన్నీ ఈ మాట కిందికి వస్తాయి. వీటిలో దేని వార్షిక నివేదిక తెరిచినా మొదటి పేజీలోనే, ఈ ఏడాది మా దగ్గర నమోదైన వారిలో ఇంతమందికి ఉద్యోగాలు వచ్చాయి అన్న వాక్యం కనిపిస్తుంది. అందులో అబద్ధం ఉండకపోవచ్చు. అయినా కార్యక్రమం పనిచేసిందో లేదో ఆ వాక్యం చెప్పలేదు. ఉద్యోగం వచ్చినవారిలో కార్యక్రమం లేకపోయినా సంపాదించుకోగలిగినవారు ఎందరో అందులో ఉండదు. నమోదు కోసం వచ్చి వెనుదిరిగినవారు ఎందరో అసలే ఉండదు. మూల్యాంకనం ఆ రెండో ప్రశ్నతో, అంటే తలుపు దగ్గర, మొదలు కావాలన్నది ఇన్నేళ్ల పనిలో నాకు ఏర్పడిన అభిప్రాయం. ఈ రోజు నేను చెప్పేదంతా ఆ అభిప్రాయం చుట్టూనే తిరుగుతుంది.

ఈ అభిప్రాయం నాకు పుస్తకాల వల్ల ఏర్పడలేదు, నా తప్పు వల్ల ఏర్పడింది. వృత్తిలో చేరిన కొత్తలో ఒక శిక్షణ కార్యక్రమం ముగిసిన ఏడాదికి, అందులో పాల్గొన్నవారి పరిస్థితి తెలుసుకునే సర్వే బాధ్యత నాకు అప్పగించారు. సర్వే అంతా ఫోన్‌లోనే జరిగేలా రూపొందించాను. ఫోన్ ఎత్తినవారి సమాధానాలు నమోదు చేసుకుని, మూడుసార్లు ప్రయత్నించినా ఎత్తనివారిని 'స్పందన లేదు' అన్న గడిలో వేశాను. నివేదిక చక్కగా వచ్చింది, అందరూ మెచ్చుకున్నారు. కొన్ని నెలల తరువాత పాత కాగితాలు తిరగేస్తుండగా, ఆ గడిలో ఉన్నవారిలో చాలామంది బధిరులని గమనించాను. వినలేనివారికి ఫోన్ చేసి, వారు స్పందించలేదని రాసింది నేనే. వారిలో ఎవరికి పని దొరికిందో, ఎవరికి దొరకలేదో ఆ నివేదిక చదివినవారెవరికీ తెలిసే అవకాశం లేదు. ఆ తప్పు నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

మొదట పోలిక సంగతి చూద్దాం. కార్యక్రమంలో చేరకముందు ఆదాయం ఎంత, చేరిన తరువాత ఎంత అని పక్కపక్కన పెట్టి చూడటం సులభం, అందుకే ఎక్కువమంది చేసేది అదే. కానీ మనిషి ఇటువంటి సాయం కోసం వచ్చేది తన జీవితంలో బాగా దిగజారిన క్షణంలో. ప్రమాదం జరిగిన కొద్ది నెలలకో, ఆసుపత్రి నుంచి బయటికి వచ్చాకో, ఉన్న ఉద్యోగం పోయాకో వస్తాడు. ఆ అట్టడుగు స్థితి నుంచి కొంతమంది తమంతట తామే కొంత పైకి వస్తారు. ఆ ఎదుగుదలనంతా కార్యక్రమం ఖాతాలో వేస్తే లెక్క తప్పుతుంది. శిక్షణ పథకాల్లో చేరేవారి ఆదాయం చేరికకు ముందు ఇలా పడిపోయి ఉంటుందని ఓర్లీ ఆషెన్‌ఫెల్టర్ అనే ఆర్థికవేత్త 1978లోనే చూపించారు. ఆయన చూపించిన పల్లానికి ఆర్థికశాస్త్రంలో ఆయన పేరే స్థిరపడింది.

దీనికి తలకిందులుగా ఉండే సందర్భం కూడా ఉంది, దాని గురించి మాట్లాడేవారు తక్కువ. మల్టిపుల్ స్క్లెరోసిస్ వంటి, కాలం గడిచేకొద్దీ ముదిరే జబ్బు ఉన్న ఉద్యోగిని తీసుకోండి. కార్యక్రమం ఆమె పనివేళలు సర్దించి, కుర్చీ మార్పించి, వారంలో రెండు రోజులు ఇంటినుంచి పనిచేసే ఏర్పాటు చేయించింది. రెండేళ్ల తరువాత ఆమె అదే ఉద్యోగంలో, అదే జీతంతో ఉంది. ముందు, తరువాత అన్న లెక్కలో ఫలితం సున్నా. ఆ సాయం అందకపోతే ఆమె ఈపాటికి ఉద్యోగం మానేసి ఉండేదన్న సంగతి ఆ సున్నాలో కనబడదు. ఉన్న ఉద్యోగాన్ని నిలబెట్టే కార్యక్రమాలకు నిధులు తగ్గి, కొత్త ఉద్యోగాలు లెక్క చూపగల కార్యక్రమాలకు పెరగడానికి ఈ కొలత లోపం కూడా ఒక కారణమని నేను నమ్ముతున్నాను.

అందువల్ల కార్యక్రమం అందనివారు, కానీ అన్ని విధాలా అందినవారిని పోలినవారు, ఒక పోలిక బృందంగా కావాలి. ఎవరు చేరాలో లాటరీ తీసి నిర్ణయిస్తే ఆ పోలిక అన్నిటికంటే గట్టిగా నిలుస్తుంది. సాయం అవసరమైన మనిషిని లాటరీకి వదిలేయడం న్యాయమా అని వికలాంగుల సంఘాలు అడుగుతాయి, అడగాలి కూడా. అందరికీ చోటు ఉన్నప్పుడు కొందరిని ఆపి లాటరీ తీయడం అన్యాయమే. కానీ వంద చోట్లకు మూడు వందల మంది వచ్చినప్పుడు ఎవరినో ఒకరిని ఆపక తప్పదు, ఆపే పద్ధతి ఏమిటన్నదే అప్పుడు మిగిలే ప్రశ్న. ముందు వచ్చినవారికి ముందు అన్న పద్ధతి, త్వరగా రాగలిగినవారికి, అంటే సొంత వాహనమో తోడుగా వచ్చే మనిషో ఉన్నవారికి అనుకూలం. కేస్‌వర్కర్, అంటే ఒక్కొక్కరి కేసు చూసుకునే కేంద్రం ఉద్యోగి, ఎంపిక చేస్తే ఆయనకు నచ్చినవారికి అనుకూలం. లాటరీ ఎవరి పక్షమూ వహించదు. చోటు దొరకనివారికి మామూలుగా అందే సేవలు అందుతూ ఉండాలి, తరువాతి విడతలో వారికి అవకాశం రావాలి. ఈ షరతులతో నేను లాటరీని సమర్థిస్తాను.

ఇలా జరిగిన ప్రయోగాల్లో ఎక్కువగా చెప్పుకోదగినవి తీవ్రమైన మానసిక అనారోగ్యం ఉన్నవారి విషయంలో వచ్చాయి. మొదట నెలల తరబడి శిక్షణ, ఆ తరువాతే ఉద్యోగం అన్నది పాత దారి. 1990ల మొదట్లో అమెరికాలోని న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో రాబర్ట్ డ్రేక్, డెబొరా బెకర్ అనే పరిశోధకులు దాన్ని తిరగేశారు. పని కావాలని కోరిన ప్రతి ఒక్కరినీ తీసుకోవడం, ముందు మామూలు ఉద్యోగంలోనే చేర్చడం, చేర్చాక గడువు లేకుండా వెన్నంటి ఉండటం వారి పద్ధతిలోని ముఖ్యాంశాలు. దాన్ని ఐపీఎస్, అంటే ఇండివిడ్యువల్ ప్లేస్‌మెంట్ అండ్ సపోర్ట్, అంటారు. లండన్, రిమినీ, జ్యూరిక్, సోఫియా సహా ఐరోపాలోని ఆరు కేంద్రాల్లో 312 మందితో జరిపి 2007లో ప్రచురించిన ప్రయోగంలో, పద్దెనిమిది నెలల కాలంలో ఈ పద్ధతి అందినవారిలో 55 శాతం మంది, పాత తరహా సేవలు అందినవారిలో 28 శాతం మంది మామూలు ఉద్యోగంలో పనిచేశారు. సేవలను మధ్యలో వదిలేసినవారు కొత్త పద్ధతిలో 13 శాతం, పాతదానిలో 45 శాతం. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఈ రెండో జత. మనుషులు ఎక్కడ నిలిచారు, ఎక్కడినుంచి వెళ్లిపోయారు అన్నది వారు మనకు మాటల్లో చెప్పని అభిప్రాయం.

అయితే ఆ ప్రయోగంలో 'పనిచేశారు' అంటే అర్థం, కనీసం ఒక రోజు పనిచేశారు అని. పరిశోధకులు ఆ నిర్వచనాన్ని దాచలేదు, స్పష్టంగానే రాశారు. ఆ అంకెను ఎత్తి తమ ప్రచారంలో వాడుకునేవారే నిర్వచనాన్ని వదిలేస్తారు. అలాగే స్థానికంగా నిరుద్యోగం ఎక్కువగా ఉన్న చోట ఆ పద్ధతి ప్రభావం తగ్గిందన్నది కూడా అదే ప్రయోగంలో తేలింది. అది మరిచిపోయి, ఒక చోట వచ్చిన ఫలితాన్ని ఇంకో చోట రాలేదని అక్కడి సిబ్బందిని తప్పుపట్టడం నేను చూశాను.

మరొక జాగ్రత్త కూడా చెప్పాలి. ఐపీఎస్ అన్న పేరు పెట్టుకున్న ప్రతి కేంద్రమూ ఐపీఎస్ చేయడం లేదు. అందుకే ఆ పద్ధతిని ఎంత యథాతథంగా అమలు చేస్తున్నారో చూడటానికి 25 అంశాల కొలమానం ఒకటి ఉంది. ఒక్కో ఉద్యోగ నిపుణుడి చేతిలో ఎందరు ఉన్నారు, అతడు ఆఫీసులో కూర్చుంటున్నాడా, బయట యజమానులను కలుస్తున్నాడా, ఎవరినైనా 'ఇంకా సిద్ధంగా లేరు' అని తిప్పి పంపుతున్నాడా అన్న ప్రశ్నలు అందులో ఉంటాయి. ఫలితం రాలేదన్న నివేదిక చదివినప్పుడు నేను మొదట వెతికేది ఈ సమాచారం కోసమే. పద్ధతి విఫలమైందా, అసలు అమలే కాలేదా అన్నది తేలకుండా దాన్ని రద్దు చేయమనడం తొందరపాటు.

ఇప్పుడు 'ఉద్యోగం' అన్న మాట దగ్గరికి వద్దాం. చాలా కార్యక్రమాలకు పదమూడు వారాలో ఇరవై ఆరు వారాలో ఉద్యోగం నిలిస్తే అది విజయం, అక్కడితో లెక్క ముగుస్తుంది. చూపులేని ఒక యువకుడు, తెరమీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాయంతో దరఖాస్తులు పరిశీలించే పనిలో చేరాడనుకోండి. ఎనిమిదో నెలలో సంస్థ తన సాఫ్ట్‌వేర్ మార్చింది. కొత్తది స్క్రీన్ రీడర్‌కు అందదు. అతడు రోజంతా పని లేకుండా కూర్చుని, చివరికి రాజీనామా చేశాడు. కార్యక్రమం లెక్కలో అతడు ఎప్పటికీ విజయమే, ఎందుకంటే అతడి ఫైలు ఆరో నెలలోనే మూసేశారు. అతడి ఉద్యోగాన్ని నిలబెట్టడానికి కావలసింది ఎనిమిదో నెలలో ఒక్క ఫోన్ కాల్, ఒక సాంకేతిక నిపుణుడి రెండు రోజుల పని. వికలాంగుల ఉద్యోగాలు పోయేది తరచుగా ఇలా, పై అధికారి మారినప్పుడు, కార్యాలయం మరో భవనానికి తరలినప్పుడు, పరికరం మారినప్పుడు. కాబట్టి కనీసం రెండేళ్లు అనుసరించని మూల్యాంకనాన్ని నేను సగం పనిగానే చూస్తాను.

ఆదాయం, పనిగంటలు కూడా చూడాలి. అమెరికా సామాజిక భద్రతా సంస్థ 23 చోట్ల 2,238 మందితో రెండేళ్లపాటు నడిపిన ప్రయోగంలో, ఐపీఎస్‌తో పాటు వైద్య సేవలు అందినవారిలో సుమారు 60 శాతం మంది, అందనివారిలో 40 శాతం మంది ఉద్యోగం చేశారు. నూటికి ఇరవై మంది తేడా చిన్నదేమీ కాదు. కానీ వారిలో ఎక్కువమంది సంపాదన వికలాంగ భృతి అవసరం లేనంత ఎత్తుకు చేరలేదు. దీన్ని వైఫల్యం అనాలా? ఖజానాకు ఎంత మిగిలింది అన్న ఒక్క కొలబద్దతో చూసే అధికారి అంటాడు. వారానికి పదిహేను గంటలు పనిచేస్తూ, సహోద్యోగుల మధ్య గడుపుతూ, తన ఖర్చులో కొంత తానే పెట్టుకుంటున్న మనిషి మాత్రం అనడు. ఎవరి లాభనష్టాలు లెక్కిస్తున్నామో మొదటి పేజీలోనే రాయని ఖర్చు-ప్రయోజనాల విశ్లేషణను నమ్మకండి.

భృతి పోతుందన్న భయం వేరే సంగతి, కానీ దీనితో ముడిపడి ఉంది. ఒక స్థాయి దాటి సంపాదిస్తే భృతి మొత్తం ఆగిపోయే చోట, ఎంత మంచి కార్యక్రమం ఉన్నా మనుషులు ఆ గీత దగ్గరే ఆగిపోతారు. ఆ భయాన్ని తగ్గించడానికి అమెరికాలోనే 2011 నుంచి ఒక పెద్ద ప్రయోగం చేశారు. పరిమితి దాటి సంపాదించిన ప్రతి రెండు డాలర్లకు భృతిలో ఒక్క డాలరే కోసుకున్నారు. సగటు సంపాదన చెప్పుకోదగినంత పెరగలేదు. నియమం మారిందని నమ్మకం కుదరడానికి ఏళ్లు పట్టవచ్చనీ, ఒకసారి భృతి కోల్పోయి మళ్లీ తెచ్చుకోవడానికి తిరిగి తిరిగి అలసిన మనిషి కాగితం మీది హామీని అంత తేలిగ్గా నమ్మడనీ నాకు అనిపిస్తుంది. దీన్ని అంకెలతో నిరూపించలేను. వారితో కూర్చుని మాట్లాడితే మాత్రం పదే పదే వినబడే మాట ఇదే.

ఇక ఈ ప్రసంగానికి కేంద్రమైన విషయం. కొలత అన్నది ఊరికే చూసి ఊరుకునే కన్ను కాదు, అది కార్యక్రమం నడిచే తీరును మారుస్తుంది. బ్రిటన్ 2011 జూన్‌లో ప్రారంభించిన వర్క్ ప్రోగ్రామ్‌లో, సేవలందించే సంస్థలకు ప్రధానంగా ఫలితాన్ని బట్టి డబ్బు చెల్లించారు. ఉద్యోగం దొరకడం కష్టమైన వర్గాలకు, అంటే అనారోగ్య, వైకల్య భృతి పొందేవారికి, ఎక్కువ మొత్తం నిర్ణయించారు. ఆ ఎక్కువ మొత్తం ఆశతో సంస్థలు వారిపై శ్రద్ధ పెడతాయని అంచనా. జరిగింది వేరు. సులభంగా ఉద్యోగం దొరికేవారిని ముందుకు తీసుకుని, మిగిలినవారికి నామమాత్రంగా సేవలు అందించే ధోరణి కనిపించింది. భృతి వర్గాల వారి ఫలితాలు మిగతావారికంటే చాలా వెనుకబడ్డాయి. ఈ రంగంలో మొదటిదాన్ని మీగడ తీయడం అంటారు, రెండోదాన్ని పక్కన కూర్చోబెట్టడం అంటారు. ఎక్కువ మొత్తం అన్నది వర్గానికంతటికీ ఒకటే కావడం వల్ల, ఆ వర్గంలోనే తేలికైనవారిని ఏరుకోవడానికి దారి తెరిచే ఉంది.

ఇందులో కేస్‌వర్కర్‌ను దోషిగా నిలబెట్టడం నాకు ఇష్టం లేదు. నూటపాతిక మంది చేతిలో ఉండి, నెలాఖరుకు ఇన్ని ఉద్యోగాలు చూపాలన్న ఒత్తిడిలో ఉన్న మనిషి, రెండు వారాల్లో తేలే కేసును ముందు తీసుకుంటాడు, రెండేళ్లు పట్టే కేసును రేపటికి వాయిదా వేస్తాడు. మాట స్పష్టంగా రాని, వీల్‌ఛైర్ పట్టే రవాణా లేని, మానసిక అనారోగ్యం వల్ల నెలలో నాలుగు రోజులు రాలేని మనిషికి ఆ రేపు రాదు. అతడు మూడుసార్లు వచ్చి నాలుగోసారి మానేస్తాడు. రికార్డులో 'ఆసక్తి చూపలేదు' అని పడుతుంది. నా పాత నివేదికలో 'స్పందన లేదు' అన్న గడి లాంటిదే ఇదీ.

నియామక కోటాల విషయంలోనూ లెక్క ఎలా తప్పుదారి పడుతుందో చూశాం. జపాన్‌లో వికలాంగులకు నిర్దేశిత శాతం ఉద్యోగాలు ఇవ్వాలన్న చట్టం ప్రైవేటు సంస్థలతో పాటు ప్రభుత్వ శాఖలకూ వర్తిస్తుంది. కేంద్ర ప్రభుత్వ శాఖల్లో చాలా వరకు ఏళ్లపాటు ఆ సంఖ్యను పెంచి చూపించాయని 2018లో బయటపడింది. వైకల్య ధ్రువీకరణ లేనివారిని కూడా కలిపి, మూడు వేలకు పైగా ఎక్కువగా లెక్కించారు. అమలును పర్యవేక్షించవలసిన ప్రభుత్వమే ఇలా చేసింది. లెక్కను ఇచ్చేవాడు, సరిచూసేవాడు ఒకరే అయినప్పుడు ఇటువంటిది ఎక్కడైనా జరుగుతుంది. అందుకే ఉద్యోగ ఫలితాలను సేవలందించే సంస్థ మాట మీద కాక, పన్ను రికార్డులనుంచో భవిష్యనిధి రికార్డులనుంచో, పాల్గొన్నవారిని నేరుగా అడిగో సరిచూడాలి.

చిన్న ప్రయోగం విజయవంతమైతే దేశమంతటా అదే ఫలితం వస్తుందన్న ఆశ గురించి క్లుప్తంగా చెబుతాను. బ్రిటన్‌లోనే 2003 అక్టోబరులో కొన్ని ప్రాంతాల్లో పాత్‌వేస్ టు వర్క్ అనే పథకం మొదలైంది, తొలి ప్రాంతాల మూల్యాంకనం ఆశాజనకంగా వచ్చింది. దేశమంతటా విస్తరించాక, 2010లో అక్కడి జాతీయ ఆడిట్ కార్యాలయం పరిశీలించి ప్రభావం పరిమితమేనని తేల్చింది. భృతి పొందేవారి సంఖ్యలో వచ్చిన తగ్గుదలకు చాలావరకు కారణం వైద్య పరీక్షను ముందుకు జరపడమేనని, ఉపాధి సాయం కాదని చెప్పింది. భృతి నుంచి తప్పుకున్న మనిషి ఉద్యోగంలో చేరినట్టు కాదు. ఈ రెండింటినీ ఒకటేనన్నట్టు రాసిన నివేదికలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి.

సగటు గురించి ఒక మాట. వికలాంగులు అన్న ఒక్క మాట కింద మనం ఎంత వేర్వేరు జీవితాలను చేరుస్తున్నామో మీకు నేను చెప్పనక్కరలేదు. వైకల్య గణాంకాలపై పనిచేసే అంతర్జాతీయ బృందం వాషింగ్టన్ గ్రూప్ రూపొందించిన ఆరు ప్రశ్నలు, చూడటం, వినడం, నడవడం, గుర్తుంచుకోవడం, సొంత పనులు చేసుకోవడం, మాట అందించడం అనేవాటిలో ఇబ్బంది ఉందా అని అడిగేవి, దేశాల మధ్య పోలికకు చాలా ఉపయోగపడ్డాయి. అయితే మానసిక అనారోగ్యం ఉన్న చాలామంది ఆ ఆరు ప్రశ్నల మధ్యనుంచి జారిపోతారు. ఇక చూపు, వినికిడి రెండూ లేనివారు ఒక కార్యక్రమంలో నలుగురే ఉండవచ్చు. నలుగురి మీద గణాంక పరీక్ష ఏదీ నిలవదు. వారిని సగటులో కలిపేస్తే వారి కథ పోతుంది. అటువంటి చోట ఆ నలుగురి దారిని మొదటినుంచి చివరిదాకా నమోదు చేసి, ఎక్కడ ఆగారో, ఎవరి నిర్ణయం వల్ల ఆగారో రాయడమే సరైన పద్ధతి. దాన్ని తక్కువ రకం ఆధారంగా చూడటం నాకు సమ్మతం కాదు.

అడిగే విధానం కూడా ఆధారంలో భాగమే. మేధోవైకల్యం ఉన్న వ్యక్తిని పర్యవేక్షకుడి ఎదుట కూర్చోబెట్టి పని నచ్చిందా అని అడిగితే నచ్చిందనే అంటారు. అడిగే మనిషిని సంతోషపెట్టాలన్న అలవాటు వారికి చిన్ననాటినుంచి నేర్పబడి ఉంటుంది. రెండు బొమ్మలు చూపి ఎంచుకోమనండి, ప్రశ్నను తిప్పి మళ్లీ అడగండి, పర్యవేక్షకుణ్ణి గది బయట ఉంచండి. తల్లిదండ్రులు బదులుగా చెప్పిన సమాధానాన్ని వారి పేరుతోనే నమోదు చేయండి, వ్యక్తి సమాధానంగా కాదు. ప్రశ్నపత్రం తయారుచేసే బల్ల దగ్గర వికలాంగులు ఉంటే ఇటువంటి పొరపాట్లలో చాలా భాగం ముందే పట్టుబడతాయి. నా ఫోన్ సర్వే ప్రణాళికను ఒక్క బధిర సహోద్యోగి చూసి ఉంటే మొదటి నిమిషంలోనే ఆపేవారు.

అందుకే ఉపాధి కేంద్రాల నుంచి వచ్చిన మిత్రులకు ఒక అభ్యర్థన. మీ దగ్గర నమోదు పుస్తకం ఉంది. దానితో పాటు ఇంకొక పుస్తకం పెట్టండి. విచారణకు వచ్చి నమోదు కానివారు, నమోదై మూడు నెలల్లో రాక మానినవారు అందులో ఉండాలి. ఏ వైకల్యం, ఎవరు పంపారు, ఏం అడిగారు, ఏం జవాబిచ్చాం, మళ్లీ ఏ మార్గంలో సంప్రదించాం అన్నవి రాయండి. 'ఆసక్తి లేదు' అన్న మాట రాయవలసి వస్తే, ఆ వ్యక్తి అన్న మాటలనే పక్కన రాయండి. సంవత్సరం తిరిగేసరికి ఆ పుస్తకంలోని వారిలో ఎందరు పనిలో ఉన్నారో కనుక్కుని, నమోదైనవారి ఫలితాల పక్కన అదే పేజీలో ప్రచురించండి. మా వంటి మూల్యాంకనకర్తలు వచ్చినప్పుడు ముందు ఆ పుస్తకాన్ని మా చేతికివ్వండి. మేము అడగకపోతే, ఎందుకు అడగలేదని మీరే మమ్మల్ని నిలదీయండి.

నాకిచ్చిన సమయం పూర్తయింది. మిగిలిన అరగంట ప్రశ్నలకు. సంజ్ఞా భాషలో అడిగేవారు ముందు వరుసలోకి వస్తే అనువాదకురాలికి స్పష్టంగా కనిపిస్తుంది, మొదటి ప్రశ్న వారినుంచే తీసుకుంటాను.